కుర్మయ్య పాత ఎక్స్‌రే

జూన్ 16, సోమవారం. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు.

మంఖాల్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ఇనుప పెట్టె తెరిచి ఉంది. తాళం పగల్లేదు. పెట్టెలో పట్టుచీర ఉంది. వెండి పట్టీలున్నాయి. పట్టాదారు పాస్‌బుక్కూ ఉంది.

ఖాకీ రంగు కవరు ఒక్కటే లేదు.

ఆఫియా పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని లోపలికి టార్చి వేసింది. పదకొండేళ్లు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి, నచ్చక బయటికొచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు శంషాబాద్ బస్టాండ్ ఎదురుగా, ఒక ఫోటో స్టూడియో పైగదిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. ఎక్కువగా పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలే. ఈ కేసు లాయర్ ప్రియదర్శిని పంపింది.

"తాళంచెవి ఎక్కడుంటది అక్కా?"

"తలుపెనక మొలకు." కుర్మయ్య భార్య భాగ్యమ్మ చూపించింది. "అందరికి ఎర్కే."

"పెట్టె ఆఖర్న ఎప్పుడు తెరిచినవ్?"

"గియ్యాల్ల పొద్దుగాల. ఆరున్నరకు. ఇద్దరం దవాఖానకు పోవాలె గద, ఆధార్ కార్డు తీసిన. మల్ల వచ్చేసరికి పన్నెండు నలభై అయ్యింది. ఎల్లుండి గాక ఆవలెల్లుండి కోర్టు గద, కవరు తీసి పెడదామని చూస్తే లేదు."

"పొద్దున కవరు ఉండెనా?"

"ఉండె. చీర కింద ఉంటది. ఎప్పుడూ గాడ్నే ఉంటది."

ఆఫియా నోట్‌బుక్‌లో రాసుకుంది. 6.30: కవరు ఉంది. 12.40: లేదు.

ఆ మొదటి లైనే తప్పు. ఆ సంగతి ఆమెకు మర్నాటి దాకా తెలియలేదు.

మంచం మీద గోడకు ఆనుకుని కుర్మయ్య కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్లు. డెబ్బై ఏళ్ల వాడిలా ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. అందుకని నాలుగు నెలలుగా కూర్చునే నిద్రపోతున్నాడు.

"బాపు, కవర్ల ఏమేమున్నయ్?"

"కంపెనీ... కార్డు." ఆగాడు. గాలి పీల్చుకున్నాడు. "నా ఫోటో... సెక్షన్ పేరు... ఉంటది."

"ఇంకా?"

"పాత ఎక్స్‌రే ఒకటి. గది దేనికీ... పనికిరాదు."

ఆఫియా అది కూడా రాసుకుంది. కానీ కింద గీత గీసింది మాత్రం కార్డు అన్న మాటకే.

కార్డే ప్రాణం మరి. వజ్రకాంతి సిమెంట్ షీట్స్‌లో కుర్మయ్య పదిహేడేళ్లు పనిచేశాడు. 1994 నుంచి 2011 దాకా. ఆస్బెస్టాస్ సంచులు కత్తితో కోసి, మిషన్‌లో గుమ్మరించడం అతని పని. ముక్కుకు తువ్వాలే కట్టుకునేవాడు. పని మానేసిన పదమూడేళ్లకు ఆయాసం మొదలైంది. దమ్ము జబ్బు అనుకున్నారు. తర్వాత టీబీ అనుకుని ఆరు నెలలు మందులు మింగించారు. చివరికి స్కానింగ్ తీసి, నీడిల్ పెట్టి ముక్క తీసి, దవాఖాన డాక్టర్ అసలు పేరు చెప్పాడు. ఊపిరితిత్తుల పైపొరకు పట్టిన క్యాన్సర్. ఆస్బెస్టాస్ పోగులు లోపలికి పోతే ఇరవై, ముప్పై ఏళ్లు చప్పుడు చేయకుండా ఉంటాయని, ఆ తర్వాతే బయటపడతాయని చెప్పాడు.

ఆ జబ్బు నష్టపరిహారం చట్టం పట్టికలోనే ఉంది. ఆ పని చేశాడని రుజువైతే చాలు. కానీ కంపెనీ ఒకే మాట మీద నిలబడింది. ఈ మనిషి మా ఫ్యాక్టరీలో ఎన్నడూ పనిచేయలేదు. మీరు వేసిన కార్డు జిరాక్స్ నకిలీది. ఒరిజినల్ చూపించండి.

నష్టపరిహారం కేసులు వినే కమిషనర్ ముందు ఒరిజినల్ చూపించాల్సింది గురువారం ఉదయం పదకొండు గంటలకు.

మిగిలింది మూడు రోజులకు తక్కువే.

*

సోమవారం సాయంత్రం నాలుగింటికి ఆఫియా భాగ్యమ్మను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లింది.

"బంగారం పోయిందా?" అడిగాడు ఫిర్యాదులు రాసుకునే రైటర్.

"లేదు."

"తాళం పగిలిందా?"

"లేదు."

"మరేం పోయింది?"

"కాగితాలు."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "పాత కాగితాలకు ఎఫ్ఐఆర్ ఏందమ్మా? ఇంట్లనే ఏడనో పెట్టి మర్చిపోయి ఉంటరు. మంచిగ వెతుక్కోండ్రి."

ఆఫియా వాదించింది. నలభై నిమిషాలు వాదించింది. చివరికి చేతికి వచ్చింది ఒక అర్జీ మీద ముద్ర. ఒకప్పుడు తను కూడా ఇలాంటి కుర్చీలోనే కూర్చుని ఇలాంటి ముద్రలే వేసిందని గుర్తొచ్చి ఇంకా మండింది.

మంగళవారం ఉదయం ఏడు ఇరవైకి ఎయిర్‌పోర్టు కార్గో గేటు బయట కుర్మయ్య అల్లుడు అరవింద్ దొరికాడు. లోడింగ్ సూపర్‌వైజర్. ముఖం మాడ్చుకుని ఉన్నాడు.

"నిన్న పొద్దున ఏడున్నవ్?"

"డ్యూటీల. ఆరు నుంచి రెండు. గేట్ల కార్డు కొట్టిన, చూసుకో."

"కేసు ఒద్దని మామతోని లొల్లి పెట్టుకున్నవంట?"

"పెట్టుకున్న. ఎందుకు పెట్టుకోవద్దక్కా? ఆయనకు నెలలు గూడ లేవని డాక్టర్ చెప్పె. వాయిదాలకు తిప్పి తిప్పి సంపుతున్రు. ఇంట్ల మంచిగ కూసో అని చెప్పిన. తప్పా?"

ఆఫియా గేటు రికార్డు చూసింది. ఐదు యాభై రెండుకు లోపలికి. రెండు ఆరుకు బయటికి. మధ్యలో ఎక్కడా బయటికి రాలేదు.

తొమ్మిదింటికి మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లింది. షెడ్లన్నీ కూల్చి గోదాములు కడతారట. అక్కడ వాచ్‌మన్ మొగులయ్య. కుర్మయ్యతో కలిసి పదేళ్లు సంచులు కోసినవాడు. ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లోనే భార్యతో ఉంటున్నాడు.

"కుర్మన్న కార్డు పోయిందంట గద మేడం?" తనే అడిగాడు.

"ఎవరు చెప్పిండ్రు?"

"భాగ్యక్క ఫోన్ చేసి ఏడిసింది."

"నిన్న పొద్దున నువ్వేడున్నవ్?"

"ఈడ్నే. ఎనిమిది నుంచి ఎనిమిది. గా కెమెరాల కనిపిస్త." చెప్పి దగ్గాడు. పొడి దగ్గు. చాలాసేపు ఆగలేదు.

"దవాఖానల చూపించుకున్నవా?"

"నాకేమైతది? ఉత్త దగ్గే." గేటు వైపు తిరిగి నిలబడ్డాడు.

కెమెరా నిజమే చెప్పింది. సోమవారం అతను గేటు దాటలేదు.

పదకొండున్నరకు కంపెనీ మేనేజర్ శివశంకర్ ఆమెను ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఇస్త్రీ చొక్కా. మెత్తని మాట.

"సోమవారం నేను విజయవాడలో ఉన్నానండి. ఆదివారం సాయంత్రం ఫ్లైట్. బోర్డింగ్ పాస్ చూపించమంటారా?"

"చూపించండి."

చూపించాడు. నవ్వాడు కూడా. "మీ కష్టం అర్థమవుతుందమ్మా. కానీ లేని కార్డును ఎవరు దొంగిలిస్తారు చెప్పండి? పాపం, ముసలాయన బీడీలు తాగి జబ్బు తెచ్చుకున్నాడు. మానవత్వంతో ఏదో ఒకటి సర్దుబాటు చేద్దామనే మేమూ అనుకుంటున్నాం. రేపు పదకొండింటికి అందరినీ తీసుకుని సైట్ ఆఫీసుకు రండి."

ఆఫియా టీ ముట్టుకోకుండానే లేచింది.

ముగ్గురు మనుషులు. ముగ్గురికీ గట్టి సాక్ష్యాలు. సోమవారం ఉదయం ఆరున్నర నుంచి పన్నెండు నలభై దాకా ఆ ఇంటికి ఎవరూ వెళ్లలేదు. ఎదురింటి సత్తెమ్మ కూడా గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ ఆ తలుపును చూస్తూనే ఉందట. పిల్లి కూడా పోలేదంది.

మరి కవరు ఎట్లా పోయింది?

*

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలు. బుద్వేల్‌లో లాయర్ ప్రియదర్శిని ఆఫీసు.

"కార్డు లేకుండా గురువారం నేనేం చెప్పాలండీ?" ప్రియదర్శిని నుదురు నొక్కుకుంది. ఆమెది గుంటూరు వైపు. కోపమొచ్చినా మాటలో మర్యాద తప్పదు. "ఈఎస్ఐ నంబరు లేదు. పీఎఫ్ లేదు. కాంట్రాక్టు కూలీ అని ఎక్కడా పేరు ఎక్కించలేదు. ఆ కాంట్రాక్టరు చనిపోయి తొమ్మిదేళ్లయింది. ఇంకో వాయిదా అడగాలి."

"వాయిదా దాకా ఆయన ఉంటాడా మేడం?"

ప్రియదర్శిని వాయిదా అర్జీ రాయడం మొదలుపెట్టింది.

ఆఫియాకు ఏం చేయాలో తోచలేదు. చేతులు ఊరికే ఉండలేక, పిటిషన్‌కు జవాబుగా కంపెనీ వేసిన కౌంటర్ కట్ట ముందుకు లాక్కుంది. అరవై రెండు పేజీలు. శుక్రవారం కొరియర్‌లో వచ్చింది. మొదటి ఇరవై పేజీలు ప్రియదర్శిని చదివింది. మిగిలినవన్నీ జతపరిచిన కాగితాలు. కంపెనీ రిజిస్ట్రేషన్. మూసివేత నోటీసు. ఆఖర్న ఒక ఛాతీ డాక్టరు అభిప్రాయం. ఇంగ్లీషులో, డాక్టర్ల భాషలో, రెండు పేజీలు.

ఒకసారి చదివింది. బుర్రకెక్కలేదు. రెండోసారి చదివింది. మూడోసారి వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివింది.

వేలు ఒకచోట ఆగిపోయింది.

"మేడం, ఈ లైన్‌కు అర్థం చెప్పండి."

ప్రియదర్శిని చదివి తెలుగులో చెప్పింది. "2003 నాటి ఎక్స్‌రే ఫిల్మ్‌తో పోల్చి చూడగా, ఊపిరితిత్తుల మీది మచ్చలు క్రమంగా పెరిగినట్టు కనిపిస్తోంది. రోగికి బీడీ అలవాటు ఉన్నందువల్ల... ఆ, ఇదంతా వాళ్లు ఎప్పుడూ చెప్పేదేగా?"

"2003 ఎక్స్‌రే మన పిటిషన్‌లో పెట్టినమా?"

"లేదే. అలాంటిది ఉందని కూడా నాకు తెలియదు. మనం ఇచ్చింది ఈ ఏడాది స్కానింగ్ మాత్రమే."

"ఈ కాగితం మీద తేదీ ఏంది?"

"జూన్ 12, గురువారం."

ఆఫియా నోట్‌బుక్ తీసింది. సోమవారం రాసుకున్న మొదటి లైను చూసింది. 6.30: కవరు ఉంది. గట్టిగా కొట్టేసింది. పేపరు చిరిగింది.

భాగ్యమ్మకు ఫోన్ చేసింది.

"అక్కా, నిన్న పొద్దున పెట్టె తెరిచినప్పుడు చీర ఎత్తి చూసినవా?"

"ఎందుకెత్తుత? ఆధార్ కార్డు పైననే ఉండె."

"మరి కవరును నీ కండ్లతోని ఎప్పుడు చూసినవ్?"

"లాయరమ్మకు జిరాక్స్ తీసిచ్చినప్పుడు. ఏప్రిల్‌ల."

"ఈ పది, పదిహేను రోజులల్ల ఇంటికెవరొచ్చిండ్రు? నువ్వు లేనప్పుడు?"

"ఎవరొస్తరు? మిరుగం నాడు మొగులన్న వచ్చిండు. చేపలు తిందామంటే నేను శంషాబాద్ పోయిన. లైన్ల నిలబడి తెచ్చేసరికి గంటన్నర అయ్యింది. గప్పటిదాక ఈయన దగ్గర్నే కూసున్నడు. ఈయనేమో కూసున్నకాడ్నే నిద్రవోయిండు."

"మొగులన్న చేపల కూర తిన్నడా?"

"లేదు. ఎంత బతిలాడినా తినలే. కడుపుల మంచిగ లేదని వెళ్లిపోయిండు."

మిరుగం అంటే మృగశిర కార్తె, చేపలు తినే రోజు. ఈసారి జూన్ 8న వచ్చింది. ఆదివారం.

*

బుధవారం. పదకొండు గంటల ఐదు నిమిషాలు. ఫ్యాక్టరీ సైట్ ఆఫీసు.

బల్లకు అటువైపు శివశంకర్. ఇటువైపు ప్రియదర్శిని, భాగ్యమ్మ, అరవింద్. కుర్మయ్యను ఆటోలోంచి అరవింద్ ఎత్తుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆఫియా తలుపు దగ్గర నిలబడింది. నీళ్ల గ్లాసులు తెచ్చిన మొగులయ్య వెళ్లబోతుంటే ఆపింది.

"నువ్వు గూడ ఉండు అన్నా."

శివశంకర్ ముందున్న కాగితం జరిపాడు. "కంపెనీ తప్పేమీ లేదని ఒప్పుకుంటూ సంతకం చేస్తే, సాయం కింద కొంత..."

"సంతకం సంగతి తర్వాత," అంది ఆఫియా. "ముందు ఒక్క ప్రశ్న. మీ డాక్టరు 2003 ఎక్స్‌రేతో పోల్చి చూశానని రాశాడు. ఆ ఎక్స్‌రే ఎక్కడిది?"

"ఏ ఎక్స్‌రే?"

"మీరు వేసిన కౌంటర్‌లో అరవై ఒకటో పేజీ."

శివశంకర్ పేజీ తిప్పాడు. చదివాడు. మళ్లీ చదివాడు. మొదటిసారి అతని ముఖంలో నవ్వు పోయింది.

"అది... మా పాత రికార్డుల్లోది."

"ఏ రికార్డులు?"

"మెడికల్ రికార్డులు. అప్పట్లో కార్మికులకు చెకప్‌లు చేయించేవాళ్లం."

"కార్మికులకేనా?"

పైనుంచి విమానం పోతుంటే కిటికీ అద్దాలు అదిరాయి. చప్పుడు తగ్గేదాకా ఆఫియా ఆగింది.

"ఈయన మీ ఫ్యాక్టరీలో ఎన్నడూ పనిచేయలేదని రాసిచ్చారు. పనిచేయని మనిషి ఎక్స్‌రే మీ రికార్డుల్లోకి ఎట్లా వచ్చింది?"

ప్రియదర్శిని అందుకుంది. "రికార్డులు ఉన్నాయన్నారు కాబట్టి గుర్తు చేస్తున్నానండి. ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలు కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరిననాటి నుంచి కనీసం నలభై ఏళ్లు దాచాలని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రేపు ఆ రిజిస్టర్ మొత్తం తెప్పించమని అడుగుతాను."

"లేదు, లేదు. పొరపాటుగా అన్నాను." శివశంకర్ నుదురు తుడుచుకున్నాడు. "రికార్డులవి కాదు. ఎవరో ఇచ్చి ఉంటారు."

"ఎవరు? ఆ ఎక్స్‌రే లోకంలో ఒక్కటే ఉంది. కుర్మయ్య ఇంట్లో, పెట్టెలో, చీర కింద. మేం పిటిషన్‌లో కూడా చెప్పలేదు. రికార్డుల్లోది అంటే ఆయన మీ కార్మికుడు. కాదంటే అది దొంగసొత్తు. రెండింట్లో ఏదో మీరే చెప్పండి."

శివశంకర్ కౌంటర్ కట్ట మూసి పక్కకు తోశాడు.

ఆఫియా చేతిసంచిలోంచి పెద్ద కవరు తీసింది. ఫిల్మ్ బయటికి లాగి కిటికీ వెలుగుకు పట్టుకుంది. మూలన తెల్లని అక్షరాలు. వజ్రకాంతి సిమెంట్ షీట్స్. కె. కుర్మయ్య. 14-3-2003.

"ఈ పొద్దున తొమ్మిదిన్నరకు మీ డాక్టరు దగ్గరికి పోయాను. కుర్మయ్య వేలిముద్ర వేసిన లెటర్ చూపించాను. పేషెంట్ ఫిల్మ్ పేషెంటుకే ఇవ్వాలి కదా అని ఇచ్చేశాడు. పదకొండో తారీఖున మీ ఆఫీసు నుంచి వచ్చిందని రాసి సంతకం పెట్టాడు. పాపం, ఆయనకేమీ తెలియదు. చూసిందే రాశాడు."

ఆమె అందరివైపు చూసింది.

"తప్పు నాదే. సోమవారం కవరు పోయిందనుకుని, అందరినీ సోమవారం ఎక్కడున్నారని అడిగాను. సోమవారానికి అది పోయి ఎనిమిది రోజులైంది. పన్నెండో తారీఖు డాక్టరు కాగితంలో ఆ ఎక్స్‌రే ఉందంటే అంతకు ముందే పోయింది. ఆ మధ్యలో భాగ్యక్క లేనప్పుడు ఆ ఇంట్లో గంటన్నర కూర్చున్నది ఒక్కడే."

గ్లాసుల పళ్లెం బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"గదిల్నుంచి ఎల్లిపొమ్మన్నడు." మొగులయ్య శివశంకర్ వైపు వేలు చూపించాడు. "కవరు తెస్తే ఉండు, తేకుంటే వారంల ఖాళీ చెయ్యి అన్నడు. కిరాయికి ఏడ పోవాలె? ఇచ్చిన. కార్డు నా ముందల్నే కాలవెట్టిండు. గీ ఫిల్మ్ ఉంచుకున్నడు, బీడీలని చెప్పనీకె పనికొస్తదని."

అరవింద్ లేచి అతని చొక్కా పట్టుకున్నాడు. "సిగ్గున్నదారా నీకు?"

"ఇడువు అల్లుడా." కుర్మయ్య చెయ్యెత్తాడు. మాటకు మాటకు మధ్య గాలి కోసం వెతుక్కున్నాడు. "మొగులూ... నీ దగ్గు... ఎన్నొద్దుల సంది?"

మొగులయ్య ఏడుస్తూ కింద కూలబడ్డాడు.

*

గురువారం కమిషనర్ ఫిల్మ్ చూశాడు. మొగులయ్య వాంగ్మూలం రాయించుకున్నాడు. ఆరోగ్య రిజిస్టర్ తెమ్మని కంపెనీని ఆదేశించాడు. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కూడా అయింది. ఈసారి రైటర్ కుర్చీ వేశాడు.

అయినా వాయిదా పడింది. జూలై 10కి.

కుర్మయ్య జూలై 2న, తెల్లవారుజామున, కూర్చున్న చోటే పోయాడు.

వాయిదా నాటికి పిటిషనర్‌గా భాగ్యమ్మ పేరు ఎక్కింది. రిజిస్టర్ వచ్చింది. కుర్మయ్య పేరు పదమూడో పేజీలో ఉంది. సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. అతను కంపెనీ కార్మికుడే, జబ్బు ఆ పని వల్ల వచ్చిందే. కంపెనీ హైకోర్టులో అప్పీలు వేసింది. శివశంకర్ బెయిలు మీద బయటికొచ్చాడు. మొగులయ్యను క్వార్టర్ ఖాళీ చేయించారు. ఇప్పుడు చెల్లెలింట్లో ఉంటున్నాడు. స్కానింగ్‌లో అతని ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు తేలాయి. ప్రియదర్శిని అతని పిటిషన్ తయారుచేస్తోంది.

డాక్టరు బలవంతం మీద భాగ్యమ్మకూ స్కానింగ్ తీశారు. ఆమె ఊపిరితిత్తుల పైపొర మీదా మచ్చలున్నాయి.

"నేను కంపెనీ గడప గూడ తొక్కలే గద?" ఆశ్చర్యంగా అడిగింది భాగ్యమ్మ.

"ఆయన బట్టలు ఎవరు ఉతికిండ్రు అక్కా?"

"నేనే. దులిపితే పిండి లెక్క రాలేది."

ప్రియదర్శిని చట్టం పుస్తకం మూసేసింది. "ఈ నష్టపరిహారం చట్టం పనిచేసినవాళ్లకే అండి. బట్టలు ఉతికినవాళ్లకు లేదు. సివిల్ కోర్టులో దావా వేయాలి. ఏళ్లు పడుతుంది."

ఆఫియాకు గోడకేసి గుద్దాలనిపించింది. గుద్దలేదు. రిజిస్టర్ నకలు అడిగి తీసుకుంది. నూట అరవై నాలుగు పేర్లు. చిరునామా అంటే పేరు పక్కన ఊరు తప్ప ఇంకేమీ లేదు.

సెప్టెంబరు 21, ఆదివారం ఉదయం ఆ పేర్లవాళ్లను వెతకడానికి ఆమె స్కూటీ తీసింది. వెనక భాగ్యమ్మ కూర్చుంది. రానక్కర్లేదంటే వినలేదు.

మొదటి పేరు జంగయ్య. ఇంటికి తాళం. పక్కింటివాళ్లు చెప్పారు. ఆయన పోయి ఆరేళ్లయింది, దమ్ము జబ్బుతో.

రెండో పేరు చెన్నయ్య. కోడలు గుమ్మంలోంచే చెప్పింది. పోయిన ఎండాకాలం పోయాడట. టీబీ అన్నారట.

ఆఫియా రెండు పేర్ల పక్కన తేదీలు రాసుకుంది. పెన్ను నొక్కి నొక్కి రాసింది.

మూడో పేరు పెంటయ్య. హిమాయత్ సాగర్ దగ్గర ఊరు చివరి ఇల్లు. తలుపు తట్టింది. లోపల దగ్గు వినిపించింది. కాళ్లీడ్చుకుంటూ ఎవరో వస్తున్నారు. చాలాసేపు పట్టింది.

బక్కపలచని ముసలాయన తలుపు తీశాడు. ద్వారబంధం పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఎవరమ్మా? ఏం గావాలె?"

ఆఫియాకంటే ముందు భాగ్యమ్మే లోపలికి అడుగుపెట్టి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ముందు కూసో అన్నా," అంది. "మెల్లగ మాట్లాడుకుందం."